సున్నాకి ఆడిన బేరం

అనకాపల్లిలో బేరగాళ్ళకి కరువు లేదు. పది రూపాయల తోటకూర కట్టని ఆరుకి తెచ్చి, పైన రెండు పచ్చిమిరపకాయలు కొసరు వేయించుకునేవాళ్ళు మా వీధిలోనే అరడజను మంది ఉన్నారు. కానీ అవతలి మనిషి "ఏమీ ఇవ్వక్కర్లేదు, మీ సరుకు మీరు పట్టుకెళ్ళండి" అన్న తర్వాత కూడా బేరం మొదలుపెట్టి, దానికి ఇద్దరు దళారుల్ని కుదుర్చుకుని, చివరికి నష్టపోయి ఇంటికొచ్చిన వర్తకుణ్ణి ఈ ఊళ్ళో నేనొక్కణ్ణే. సున్నాకి బేరమాడినవాణ్ణి. ఆ బిరుదుకి నాతో పోటీ పడే మొనగాడు ఇంకా పుట్టలేదు.

మాది బెల్లం కొట్టు. మా ఇంట్లో పిల్లలకి అక్షరాల కన్నా ముందు రెండు సంగతులు నేర్పుతారు. అవతలివాడు చెప్పిన మొదటి ధర ధర కాదు. మధ్యలో మనిషి లేకుండా బేరానికి వెళ్ళకూడదు. మా నాన్న పెళ్ళిచూపులకి కూడా మార్కెట్ దళారిని వెంటబెట్టుకుని వెళ్ళాడట. "మీ నాన్న తలెత్తితే కదా! నన్ను సూసి ఖాయం సేసింది ఆ దళారే" అని మా అమ్మ ఇప్పటికీ దెప్పుతుంది.

అలాంటి ఇంట్లో పెరిగినవాడికి ఒక మంచి పోలీసు అధికారి ఎదురైతే ఏమవుతుందన్నదే ఈ సంగతంతా.

ఈమధ్య విశాఖపట్నంలో ఒక కొత్త పిచ్చి పట్టుకుంది. మా చిన్నప్పుడు పసుపు రంగులో మెరిసే బెల్లం మొదటి రకం, నల్లగా ఉండేది మూడో రకం. ఆ మెరుపు కోసం పాకంలో హైడ్రోస్ అనే మందు వేస్తారు. ఇప్పుడు ఆర్గానిక్ దుకాణాలవాళ్ళు వచ్చి, మందు వెయ్యని నల్ల దిమ్మే కావాలంటున్నారు. పైగా దానికే ఎక్కువిస్తున్నారు. మా నాన్న దాణా కింద తోసేసిన సరుకుని వీళ్ళు చెక్క పళ్ళెంలో పెట్టి, జనపనార తాడు కట్టి, పెళ్ళికూతురిలా కూర్చోబెడుతున్నారు. నాకెందుకు బాధ? కోటవురట్ల వైపు ఒక రైతు మందు లేకుండా వండుతాడని తెలిసి, ఆయన దగ్గర నలభై దిమ్మలు కొన్నాను. మార్కెట్ ఫీజు కట్టాను, బిల్లు రాయించాను. నా పుట్టుకకి అంత శుభ్రమైన కాగితాలు ఎప్పుడూ లేవు. నాకు అలవాటు లేని వ్యవహారం కదా, తేడా అక్కడే వచ్చింది.

నల్లబెల్లం కావాలనేవాళ్ళు ఇంకో జాతి కూడా ఉన్నారు. నాటుసారా కాచేవాళ్ళు. నల్ల దిమ్మల బండి కనిపిస్తే పోలీసులు ఆపుతారు. శనివారం పొద్దున్న నా బండిని ఆపేశారు.

బండి తోలేది ఆరేళ్ళుగా నా సరుకు మోస్తున్న వ్యాను డ్రైవరు. ముప్ఫై ఏళ్ళ మనిషి, నెమ్మదస్తుడు. ఆ వ్యాను అతనిది కూడా కాదు, కిరాయిది. అతనికి కొత్తగా ఒక ఫ్యాక్టరీలో స్టాఫ్ బస్సు నడిపే ఉద్యోగం ఖాయమైంది. నెల తిరిగేసరికి జీతం, పండక్కి సెలవు, తలకి టోపీ. ఒక్కటే మిగిలింది. ఇతని మీద ఏ కేసూ లేదని పోలీసు స్టేషన్ నుంచి కాగితం వెళ్ళాలి.

"సావుకారుగారూ, బండాపేసేరండి," అన్నాడు ఫోనులో. "సారా బెల్లం అంటన్నారు. నా పేరు రాసేత్తారేటో అని గుండె దడదడలాడిపోతందండి. నా ఉద్యోగం కాయితం ఈ టేసను నుంచే ఎల్లాలండి. కేసంటూ పడితే ఆల్లింక నన్ను గేటు కాడికి కూడా రానివ్వరు."

"నువ్వేం బయపడకు. నేను వత్తన్నాను కదా," అన్నాను. ఆ రోజంతటిలో అతను నిజంగా భయపడాల్సిన మాట ఏదైనా ఉందంటే అదే.

మా మేనల్లుడి మోటారు సైకిలు మీద బయలుదేరాను. వాడు జార్జియా అనే దేశంలో డాక్టరు చదువు చదివొచ్చి, ఇక్కడి పరీక్ష కోసం పుస్తకాలు ముందేసుకుని కూర్చున్నాడు. పుస్తకాలు మూయడానికి ఏ వంక దొరికినా వదలడు. దారంతా వాడిదే మాట.

"మావయ్యా, అక్కడ పోలీస్ స్టేషన్లు అద్దాలతో కట్టేరు, తెలుసా? రోడ్డు మీద పోయేవాడికి లోపల ఎవడు ఎవడితో మాట్లాడుతున్నాడో కనిపిస్తుంది."

"అద్దాలేటిరా? స్టేషనా, బంగారం కొట్టా?"

"నవ్వకు. ఒకప్పుడు అక్కడ ఒక్కటే పార్టీ. పోలీసులంటే ఆ పార్టీ మనుషులే. ఆ రాజ్యం పోయింది గానీ అలవాటు పోలేదంట. ఎవడు గద్దెక్కితే వాడి ఫోనుకి సెల్యూట్ కొట్టేవారు, రోడ్డు మీద డబ్బులు గుంజేవారు. ఆఖరికి విసుగెత్తి ట్రాఫిక్ పోలీసుల్ని మొత్తం ఇంటికి పంపేసి, కొత్తవాళ్ళని తెచ్చుకుని, అద్దాలు పెట్టేరు."

"మరి ఆ అద్దాలు రోజూ తుడిచే ఖర్చు ఎవడు పెట్టుకున్నాడు?"

వాడు నిజాయితీగా ఒప్పుకున్నాడు. "మా ఇంటి ఓనరమ్మ మాత్రం అద్దాలు కింద అంతస్తుకే పెట్టేరు, పై అంతస్తులో ఫోను ఇంకా మోగుతూనే ఉంది అనేది."

"చూసేవా మరి! ఫోనుకి అద్దం అడ్డం కాదురా. అందుకే మనక్కావలసింది అద్దం కాదు, ఫోను చేసే మనిషి."

స్టేషన్ పేరు చెప్పను. చుట్టూ చెరుకు తోటలు, వెనక దూరంగా రోలుగుంట కొండలు. కరెంటు లేదు. ఎస్సై గారు బల్ల, కుర్చీ వరండాలో వేయించుకుని కూర్చున్నారు. చిన్న వయసు ఆడమనిషి, ఈ ప్రాంతం ఆవిడ కాదు. వరండా నిండా జనం. గట్టు తగువు అన్నదమ్ములు, వాళ్ళ తాలూకు సాక్షులు, మేక పోయిందని ముందు వరసలో బైఠాయించిన ఒక ముసలమ్మ. మా డ్రైవరు స్తంభానికి ఆనుకుని, స్తంభం కన్నా బిగుసుకుపోయి నిలబడి ఉన్నాడు.

ఎస్సై గారు నా బిల్లు చదివారు. దిమ్మ ఒకటి పగలగొట్టించి, చిన్న ముక్క వాసన చూసి, నోట్లో వేసుకున్నారు.

"కాగితాలు సరిగానే ఉన్నాయండి. మీ దగ్గర కొంటున్న దుకాణం వాళ్ళ ఆర్డరు ఒకటి వాట్సాప్‌లో తెప్పించండి. సాయంత్రం ఎక్సైజ్ ఆయన ఇటే వస్తున్నారు, ఆయన కూడా ఒకసారి చూస్తారు. ఐదింటికి బండి తీసుకెళ్ళిపోవచ్చు."

నేను గొంతు తగ్గించాను. "మరి... మన తరఫు నుంచి ఏమైనా... ఖర్చులు..."

"ఏం ఖర్చులు?"

"అదేనండి. స్టేషను... మీరు..."

"ఏమీ లేదండి. అక్కడ కుండలో చల్లటి నీళ్ళున్నాయి, తాగి కూర్చోండి."

పది వేలు అని ఉంటే ఆరుకి తెగ్గొట్టి, హాయిగా ఊపిరి పీల్చుకునేవాణ్ణి. మొదటి ధర ధర కాదని కదా నా చదువు! మొదటి ధరే సున్నా అందంటే, లోపల దాచిన అసలు ధర ఎంత భయంకరంగా ఉండాలి? పైగా నేను మధ్య మనిషి లేకుండా వచ్చానాయె. మేనల్లుణ్ణి లాక్కుని, ఎదురుగా ఉన్న టీ బడ్డీ దగ్గరికి నడిచాను.

"మావయ్యా, ఐదింటికి ఇచ్చేత్తానంది కదా. ఇంకేటి?"

"నువ్వు ఊరుకోరా. ఊరికే ఇచ్చేవాడు ఊరికే ఎందుకిత్తాడు?"

మా వైపు పెద్దమనుషులు ఇద్దరున్నారు. ఒకాయన మొన్నటి ఎన్నికల్లో గెలిచారు, ఒకాయన ఓడిపోయారు. అంతకు ముందు ఈయన ఓడి ఆయన గెలిచారు. మా కొట్టులో ఇద్దరి ఫొటోలూ ఉన్నాయి. గెలిచినాయనది గోడ మీద, ఓడినాయనది బీరువాలో. ఓట్లు లెక్కపెట్టిన రోజు సాయంత్రం మార్చుకుంటాను. మేకు ఒకటే. కాబట్టి నాకు ఏ ఇబ్బందీ లేదు.

గెలిచినాయనకి ఫోను చేశాను. "ఓస్, అంతేనా బావా! ఒక్క మాట సెప్తే సరిపోతాది" అన్నారు. అక్కడితో ఆగితే నేను నేనెందుకవుతాను? ఒక్క దళారి మీద ఆధారపడిన వర్తకుడు మునుగుతాడు. ఓడినాయనకి కూడా చేశాను. "నేను సెప్పేనంటే ఆ అమ్మాయి కాదనదు. రేపు మళ్ళీ వచ్చేది మేవే కదా మామా" అన్నారాయన. ఒకరి సంగతి ఒకరికి చెప్పలేదు. ఇద్దరికీ చెరొక శాలువా మనసులో అనుకుని, రెండు టీలు తాగి, గెలిచినవాడిలా వరండాలోకి వచ్చి కూర్చున్నాను.

పావుగంటకి ఎస్సై గారి ఫోను మోగింది. పేరు చూసి ఆవిడ మీట ఒకటి నొక్కి, ఫోనుని బల్ల మీద నా బెల్లం ముక్క పక్కన పెట్టారు.

"ఏటమ్మా బాగున్నావా?" అంది ఫోను, వరండా అంతా వినబడేలా. "మనవాడి బండొకటి అక్కడ..."

"సార్, నమస్కారం. స్పీకర్‌లో పెట్టానండి. వరండాలో ఓ ఇరవైమంది ఉన్నారు, అందరికీ వినబడుతోంది. చెప్పండి."

ఫోనులోంచి ఒక దగ్గు వచ్చింది. ఆ దగ్గులో ఒక మనిషి వెనక్కి నాలుగడుగులు వేసిన చప్పుడు నాకు స్పష్టంగా వినిపించింది.

"ఆఁ... అదేనమ్మా నేను చెప్తున్నది," గొంతు మారిపోయింది, మైకులో గొంతు అయింది. "మనవాడైనా సరే, ఎవడైనా సరే, సారా విషయంలో ఉపేక్షించకండి. శాంపిల్ తీసి లాబ్‌కి పంపించండి. చట్టం తన పని తాను చేసుకుపోవాలి."

"బాగా సెప్పేడు బాబు!" అంది మేక ముసలమ్మ.

నేను ఇంకా తేరుకోలేదు, రెండో ఫోను. ఈయనకి కూడా ఎస్సై గారు అదే మాట చెప్పారు, స్పీకరు, ఇరవైమంది. ఈయన దగ్గేలోపలే ముసలమ్మ బల్ల మీదకి వంగి అరిచింది. "ఇందాకా ఆ బాబు కూడా సేసేడు నాయినా! లాబుకి పంపమన్నాడు! నువ్వేటంతావు?"

అంతే. పాట మొదలైంది. మా మార్కెట్లో దిమ్మల వేలంపాట రోజూ చూస్తాను గానీ, నా మీద నేను కుదిర్చిన దళారులే పాట పెంచుతుంటే కూర్చుని వినడం అదే మొదటిసారి.

"ఒక్క లాబేటి? కేసు పెట్టాలి!" అన్నారు ఓడినాయన. "ఎంత పెద్ద వర్తకుడైనా వదలడానికి వీల్లేదు. వదిలేరో, సోమవారం స్టేషన్ ముందు మేము ధర్నాకి కూర్చుంటాం!"

ఫోను ఆగిపోయింది. గట్టు తగువు అన్నదమ్ములు పొద్దుట్నుంచి మొదటిసారి ఒకరినొకరు చూసుకుని నవ్వుకున్నారు.

ఎస్సై గారు నవ్వలేదు. "ఆ ఇద్దరికీ మీరే చెప్పారా?"

"ఊరికే... మాటసాయానికి..."

"ఐదింటికి ఇచ్చేస్తానన్నాను కదండీ. ఇప్పుడు ఇద్దరూ లాబ్‌కి పంపమన్నారు, ఇంతమంది విన్నారు. నేను బండి వదిలేస్తే రేపు, ఆవిడ ఎంత తింది అంటారు. పంపక తప్పదు. పంపాలంటే సరుకు పట్టుకున్నట్టు రాయాలి." కాగితం ముందుకు లాక్కున్నారు. "ఎవరి దగ్గర దొరికిందో ఆ పేరుతో."

దొరికింది డ్రైవరు దగ్గర.

అతను నా వంక చూశాడు. కోపం కూడా లేదు, అదే ఇబ్బంది. "నేనేటి సేసేనండీ," అన్నాడు. "ఆరేళ్ళు మీ సరుకు తోలేను. ఒక్క దిమ్మ ఇరగనిచ్చేనా?"

నా నోరు అలవాటు ప్రకారం ముందు పరిగెత్తింది. "మేడంగారూ, పేరు చోట ఖాళీ వదిలేసి..."

"ఖాళీ వదలడం కుదరదు."

"పోనీ రైతు పేరు..."

"మావయ్యా!" అన్నాడు మేనల్లుడు.

బల్ల మీద నా బెల్లం ముక్కకి చీమలు పట్టాయి. డ్రైవరు ఇంకా నన్నే చూస్తున్నాడు. స్తంభం చాటుకి కూడా జరగలేదు.

"నా పేరు రాయండి," అన్నాను. "సరుకు నాది. అతనికి కిరాయి తప్ప ఏ సంబంధమూ లేదు."

"స్టేట్‌మెంట్ ఇస్తారా? పిలిచినప్పుడల్లా రావాలి మరి."

"పిలిచినప్పుడల్లా అంటే... నెలకి ఒకసారి చేసుకుంటే..."

మేనల్లుడు బల్ల కింద నా కాలు తొక్కాడు. డాక్టరు కదా, నొప్పి ఎక్కడ పుడుతుందో చూసి తొక్కాడు. సంతకం పెట్టేశాను. ఎక్సైజ్ ఆయన ఐదింటికి సరిగ్గా వచ్చి, ముక్క నోట్లో వేసుకుని, "మంచి బెల్లమండీ, పరమాన్నానికి బాగుంటుంది" అన్నారు. వరండాలో ఎవరూ ఆయన వంక చూడలేదు.

దిమ్మలు దింపించి వరండా మూల పేర్చి, శాంపిలుకి సీలు వేసి, బండి ఇచ్చేశారు. డ్రైవరు స్టీరింగు పట్టుకుని, "ఉద్యోగం ఉంటాదంటారా సావుకారుగారూ?" అన్నాడు. ఉంటుందని ధైర్యం చెప్పబోయి మానేశాను. నా ధైర్యం విలువ అప్పటికే ఇద్దరికీ తెలుసు.

లాబ్ రిపోర్టు వచ్చేదాకా నేను ఆ స్టేషన్‌కి తిరుగుతూనే ఉన్నాను. ఈలోగా వానలు పడ్డాయి. మందు వెయ్యని బెల్లం వాన గాలికి ఇట్టే చెమరుస్తుంది. ముసలమ్మ మేక దొరికింది. దొంగ దొరికేదాకా దాన్ని కూడా వరండాలో కట్టేశారు, నా దిమ్మలకి తాడెడు దూరంలో. తాడు కొలత వేసినవాడు మేక మెడని లెక్కలోకి తీసుకోలేదు. దిమ్మలు తగ్గుతున్నాయని నేను మొత్తుకుంటే, "మా మేక ఆర్గానికే తింతాది బాబూ" అంది ముసలమ్మ. ఎవరు నేర్పారో ఆ మాట!

ఆ బెంచీ మీద కూర్చుని ఒకటి గమనించాను. ఆవిడ ప్రతి పెద్దాయన ఫోనూ అలాగే బల్ల మీద పెట్టేవారు. నాలుగు రోజులకి ఫోన్లు తగ్గాయి. వారం తిరిగేసరికి దాదాపు ఆగిపోయాయి. గట్టు తగువు అన్నదమ్ముల్లో చిన్నవాడికి తెలిసిన నాయకుడున్నాడు, పెద్దవాడికి లేడు. కొలత టేపు మాత్రం ఇద్దరికీ ఒకేలా పట్టారు.

"చూసేవా మావయ్యా," అన్నాడు మేనల్లుడు, "అద్దాలు లేకుండానే!"

"తుడిచే ఖర్చు కూడా లేదు," అన్నాను. నాకు మొదట తోచింది అదే.

హెడ్ కానిస్టేబుల్ మా వూరి మనిషే. టీ తాగుతూ అన్నాడు, "మేడంగారు పెట్టె ఇప్పరండి. ఏ ఊరు బదిలీ సేసినా సూట్‌కేసులోంచే బట్టలు తీస్కుంతారు. ఇస్త్రీ పెట్టె మాత్రం బయట ఉంటాది." నేను నవ్వాను. అతను నవ్వలేదు.

రెండు పార్టీల పెద్దమనుషులూ మా వైపు ఒక్క మాట మీదకి రావడం నేనెరగను. బడి గోడ దగ్గర రాలేదు, కాలవ పూడిక దగ్గర రాలేదు. ఈ ఒక్క విషయంలో వచ్చారు. ఆ అమ్మాయికి పెద్దల్ని గౌరవించడం తెలియదని ఇద్దరూ వేర్వేరుగా పైకి చెప్పారట. లాబ్ రిపోర్టు వచ్చిన వారంలోనే బదిలీ కాగితం వచ్చింది. రిపోర్టులో బెల్లం తినడానికి పనికొస్తుందని రాశారు. మేకని అడిగినా చెప్పేది.

ఆఖరి రోజు నేను మిగిలిన సరుకు తెచ్చుకోవడానికి వెళ్ళాను. ఆవిడ బల్ల ఖాళీ చేస్తున్నారు. డ్రైవరు కాగితం అడిగాను. "పొద్దున్నే పంపించేశాను. అతని మీద ఏమీ లేదు కదా," అన్నారు, అదేదో మామూలు సంగతైనట్టు. మొదటి రోజు పగలగొట్టిన దిమ్మలో సగం చేతికిచ్చి, పట్టుకెళ్ళండమ్మా అన్నాను.

"ఊరికే వద్దు. ధర చెప్పండి."

చెప్పాను. దేవుడి సాక్షిగా, నోరు నా మాట వినలేదు. అలవాటు ప్రకారం, తగ్గించమంటారు కదా అని, పాతిక రూపాయలు పైన వేసుకుని చెప్పాను. ఆవిడ ఆ మొత్తం తీసి బల్ల మీద పెట్టేశారు. నా మొదటి ధరకే ఒప్పుకున్న మనిషిని అప్పుడే చూశాను. తగ్గిద్దామని నోరు తెరిచేలోగా జీపు ఎక్కేశారు.

ఇక లెక్క. సున్నాకి ఇస్తానన్న పనికి నాకు పడింది ఇది. నలభై దిమ్మల్లో ఒకటి పగిలింది, మూడు మేక తింది, తొమ్మిది చెమర్చి పాకమైపోయాయి. విశాఖపట్నం దుకాణంవాళ్ళు అప్పటికే వేరేచోట కొనేశారు కాబట్టి మిగిలిన ఇరవైయేడూ సగం ధరకి దాణా కింద పోయాయి. శాలువాలు రెండు. బండి వదిలింది తన మాట వల్లేనని ఇద్దరు పెద్దమనుషులూ నమ్ముతున్నారు, ఇద్దరూ కప్పించుకున్నారు. మేనల్లుడికి పెట్రోలు. రాబడి వైపు, డ్రైవరుకి ఉద్యోగం వచ్చింది. రోజూ పొద్దున్న ఫ్యాక్టరీ బస్సు మా కొట్టు ముందు హారను కొట్టుకుంటూ వెళ్తుంది. అది అతని రాబడి, నాది కాదు. ఆవిడ బదిలీ మాత్రం నా ఖర్చులో రాయాల్సిందే. దానికి ధర ఎలా కట్టాలో తెలియక ఎదురుగా ఏమీ వెయ్యలేదు. పాతిక రూపాయలు అన్యాయంగా వచ్చాయి. అవి విడిగా పెట్టాను, ఆవిడకి బాకీ.